ఎర్ర డబ్బాలో గాలి

(ఇంగ్లండ్‌లో ఉంటున్న మన తెలుగు కుటుంబాల నెలవారీ కలయికలో ఒక హీటింగ్ ఇంజినీరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాము. తడబాట్లు మాత్రమే తీసేశాము.)

అందరికీ నమస్కారం. ఆ వెనక తలుపు కొంచెం దగ్గరికి వేయండి బాబూ, ముందు వరుసలో పెద్దవాళ్లున్నారు. వేడి గురించి మాట్లాడటానికి వచ్చి అందరినీ చలిలో కూర్చోబెట్టకూడదు కదా.

నన్ను పిలిచినవారు "ఇంటి హీటింగు గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. ఏదైనా అంటే చాలా ఉంది. గ్యాసు బిల్లు గురించి చెబితే అందరూ వింటారు, నాకు తెలుసు. కానీ నేను ఈ పూట ఒకే ఒక్క సంగతి చెబుతాను. వేడి చేస్తే నీరు పెరుగుతుంది. ఎంత పెరుగుతుంది? పెరిగినది ఎక్కడికి పోతుంది? అంతే. ఇరవై రెండేళ్లుగా ఈ దేశంలో ఇళ్లకు హీటింగు డిజైన్ చేస్తున్నాను, బాగు చేస్తున్నాను. నన్ను పిలిచిన ఇళ్లలో చాలాచోట్ల గొడవకు మూలం ఈ చిన్న ప్రశ్నే. పెరిగిన నీరు ఎక్కడికి పోతుంది?

బల్ల మీద ఈ ఎర్ర డబ్బా చూస్తున్నారుగా. ఇందాక ఒక పిల్లవాడు వచ్చి "అంకుల్, ఇది గ్యాస్ సిలిండరా?" అని అడిగాడు. కాదు నాన్నా. దీన్ని ఎక్స్‌పాన్షన్ వెసెల్ అంటారు. పేరు పొడుగు, పని చిన్నది. మనం దీన్ని ఎర్ర డబ్బా అనే పిలుచుకుందాం. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు నీటి లెక్క. పొయ్యి మీద పాలు పొంగుతాయి, అది మనకు తెలుసు. కానీ పాలు పొంగడం వేరు, అది నురగ. నీరు అలా కనబడేలా పొంగదు. చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. పది డిగ్రీల నీటిని ఎనభై డిగ్రీలకు వేడి చేస్తే వంద లీటర్లు దాదాపు నూట మూడు లీటర్లవుతాయి. మూడు లీటర్లే. మూడు లీటర్లే కదా అనిపిస్తుంది. ఇప్పుడు ఆ వంద లీటర్లనూ ఎటూ కదలని గట్టి ఇనుప పాత్రలో నిండుగా నింపి, గాలి బుడగ కూడా లేకుండా మూత బిగించండి. వేడి చేయండి. ఏమవుతుంది? యాభై డిగ్రీల ప్రాంతంలో ఒక్క డిగ్రీ పెరిగితే పీడనం పది బార్ల దాకా పెరుగుతుంది. ఒక్క డిగ్రీకి! మీ కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు. నీటిని నొక్కడం మన వల్ల కాదండీ. గాలిని నొక్కవచ్చు, దూదిని నొక్కవచ్చు, నీటిని నొక్కలేము. అది చోటు అడుగుతుంది. ఇవ్వకపోతే పైపో, అతుకో, వాల్వో, ఏది బలహీనంగా ఉంటే దాన్ని చీల్చుకుని చోటు చేసుకుంటుంది.

మన ఊళ్లలో దీన్ని ఎలా చూసుకుంటారు? డాబా మీద సోలార్ వాటర్ హీటరు ఉంటుంది కదా, గాజు గొట్టాలు, పైన అడ్డంగా ట్యాంకు. ఆ ట్యాంకు నెత్తి మీద నుంచి ఒక సన్నని పైపు ఆకాశంలోకి లేచి ఉంటుంది, గమనించారా? ఎయిర్ వెంట్ పైపు. పై కొస తెరిచే ఉంటుంది. రెండు వందల లీటర్ల ట్యాంకులో నీరు ఇరవై అయిదు నుంచి డెబ్బై అయిదుకు వేడెక్కితే నాలుగున్నర లీటర్లు పెరుగుతుంది. చిన్న బిందెడు. ఆ బిందెడు నీరు చల్లనీళ్ల పైపు గుండా, హీటరుకి నీళ్లిచ్చే పై ట్యాంకు (ఓవర్‌హెడ్ ట్యాంకు) వైపు వెనక్కి జరుగుతుంది, లేదా ఆ వెంట్ పైపులోకి ఎక్కుతుంది. తెరిచిన పద్ధతి. ఇంతకన్నా సులువైనది లేదు.

మా నాన్నగారి ఇంట్లో ఆ పైపు నుంచి అప్పుడప్పుడు నీళ్లు కారి డాబా మీద మరకలు పడుతున్నాయని, వచ్చిన ప్లంబరు దాని కొసకు మూత బిగించి పోయాడు. పైపు ఎత్తు తక్కువైందని, పై ట్యాంకు నీటిమట్టం కంటే పైకి పెంచాలని అతనికి తట్టలేదు. మూత బిగిస్తే కారడం ఆగింది, నాన్నగారు సంతోషించారు. కొన్నాళ్లకు ఒకరోజు కరెంటు పోయింది, పై ట్యాంకు ఖాళీ. కింద అమ్మ వేడినీళ్ల కుళాయి తిప్పింది. నీరు కిందికి దిగుతోంది, పై నుంచి చల్లనీరు రావడం లేదు, గాలి లోపలికి రావడానికి దారి లేదు. లోపలి స్టీలు ట్యాంకు, పిల్లలు స్ట్రాతో పీల్చేసిన జ్యూసు డబ్బా చూశారా, అచ్చంగా అలా నలిగిపోయింది. చూడండి, నేను పొంగడం గురించి చెబుతానన్నాను, అది కుంగి పాడైంది. పొంగడానికే కాదు, కుంగడానికీ దారి కావాలి. ఈ రెండో సగాన్ని చాలామంది ప్లంబర్లు కూడా మరిచిపోతారు.

ఇక ఇక్కడికి వద్దాం. మీలో పాత ఇళ్లు కొన్నవారున్నారు. అటక మీద రెండు ట్యాంకులుంటాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆ చిన్నది హీటింగుది. నీరు పెరిగితే అందులోకి వస్తుంది, చల్లారితే అందులోంచి వెనక్కి పోతుంది. అదీ మన డాబా పద్ధతే, చలికి భయపడి ఇంట్లోకి వచ్చింది. అందులో హీటింగు చల్లగా ఉన్నప్పుడు నీళ్లు ఎంతుండాలి? బెత్తెడు లోతు. అంతే. సగానికి పైగా ఖాళీగా కనిపిస్తుంది, "అయ్యో, నీళ్లు చాలట్లేదు" అని బంతి వాల్వును పైకి వంచి నిండా నింపేవాళ్లున్నారు. ఆ ఖాళీ దండగ కాదండీ, ఆ ఖాళీ కోసమే ఆ ట్యాంకు. నింపేస్తే వేడెక్కినప్పుడల్లా బయట గోడ మీది పైపు నుంచి వేడినీళ్లు కారుతాయి.

కొత్త ఇళ్లలో ఆ అటక ట్యాంకు లేదు. అంతా మూసేసిన పద్ధతి. మూసేస్తే మరి పెరిగిన నీరు? గాలి కావాలి. నీటిని నొక్కలేకపోతే పక్కన గాలిని పెట్టి దాన్ని నొక్కనివ్వాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1831లో లండన్‌లో ఏంజియర్ మార్చ్ పెర్కిన్స్ అనే అమెరికన్ ఇంజినీరు మూసిన ఇనుప పైపుల్లో వేడినీటిని తిప్పి భవనాలను వేడి చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. పైపు గోడ మందం, లోపలి రంధ్రం సన్నం. నీరు పెరగడానికి అన్నిటికంటే పైన ఒక లావు పైపు ముక్క పెట్టి అందులో గాలి వదిలాడు. మంచి బుర్ర. చిక్కల్లా ఏమిటంటే నీటిని తాకుతున్న గాలి మెల్లగా నీటిలో కరిగిపోతుంది. సోడాలో గ్యాసు కరిగినట్టే. గాలి పోతే దిండు పోయినట్టే. అందుకని తర్వాతి కాలంలో గాలికీ నీటికీ మధ్య రబ్బరు పొర వేశారు. అదే ఈ ఎర్ర డబ్బా.

ఇదిగో, వేలి కణుపులతో కొడుతున్నాను, వినండి. మామూలుగా అయితే పై సగం డొల్లగా మోగాలి, నీళ్లున్న సగం మొద్దుగా పలకాలి. ఇది ఎక్కడ కొట్టినా మొద్దుగానే ఉంది. వినబడుతోందా వెనక? ఇక్కడ కొసన నల్ల ప్లాస్టిక్ మూత తీస్తే సైకిలు ట్యూబుకి, కారు టైరుకి ఉండే వాల్వే. గోటితో నొక్కుతాను. గాలి "తుస్" మనాలి. చూడండి, అమ్మా, మీరు దగ్గరగా ఉన్నారు, చూడండి. నీళ్లు వస్తున్నాయి. నల్లటి నీళ్లు. రబ్బరు చిరిగింది. గాలి వైపుకి నీరు వచ్చేసింది. ఇది ఇక చచ్చిన డబ్బా. నిన్న ఒక ఇంట్లో విప్పి తెచ్చాను, మీకు చూపించడానికే నీళ్లు పూర్తిగా పారబోయలేదు.

ఇప్పుడు మీకు ఒక ఇంటి కథ చెబుతాను. ఎవరిల్లో చెప్పను, ఏ ఊరో కూడా చెప్పను. మనవాళ్లే. నేల హీటింగు, అంటే నేలలో పూడ్చిన పైపుల్లో వేడినీరు తిప్పేది, వేయించుకున్నారు, ఇంటి వెనక భాగం పెంచి, వంద చదరపు మీటర్లు. కప్పు మీద సోలార్ వేడినీటి ప్యానెళ్లు పెట్టించుకున్నారు. రెంటినీ కలుపుతూ మూడు వందల లీటర్ల ట్యాంకు. సూర్యుడు ఆ ట్యాంకుని వేడి చేస్తాడు, చాలనప్పుడు బాయిలర్ చేస్తుంది. ఆ ట్యాంకు నీరే నేలలోకి పోతుంది. కుళాయి నీరు మాత్రం ట్యాంకులోని రాగి చుట్ట గుండా విడిగా వెళుతుంది. చక్కని ఏర్పాటు, నేనైనా అలాగే పెట్టేవాణ్ని.

చలికాలమంతా బాగుంది. మే నెల వచ్చింది. నీటి పీడనం చూపే గేజి ముల్లు సున్నాకి పడిపోయింది. నీళ్లు ఎక్కించారు, ఒక బార్. రెండు రోజులు ఎండ కాస్తే ముల్లు మూడు దాకా పోతుంది, నాలుగు రోజులు మబ్బు పడితే మళ్లీ సున్నా. మళ్లీ ఎక్కించారు. ఒక ప్లంబరు వచ్చి సేఫ్టీ వాల్వు మార్చాడు. ఇంకొకాయన వచ్చి మళ్లీ అదే మార్చాడు. మూడో ఆయన "నీరు తగ్గుతోందంటే ఎక్కడో కారుతోంది, కారేది మీ నేలలోనే" అని తేల్చాడు. టైల్సు పగలగొట్టి చూడాలన్నాడు. ఇటలీ టైల్సు! ఆ ఇల్లాలికి రెండు రాత్రులు నిద్ర లేదు. అప్పుడు నన్ను పిలిచారు.

నేను ఏం చేశాను? ముందు ఇంటి వెనక్కి వెళ్లాను. చెత్త డబ్బాల వెనక గోడ నుంచి చిన్న రాగి పైపు బయటికొచ్చి, మళ్లీ గోడ వైపుకి వంగి ఉంది. దాని కింద ఇటుక మీద తడి మరక, మరక చుట్టూ తెల్లని సున్నపు చారలు. సేఫ్టీ వాల్వు ఉమ్మిన నీరు అక్కడికి వస్తుంది. అంటే నేల కారడం లేదు. నీరు ఇక్కడి నుంచి పోతోంది. మరి వాల్వు పాడైందా? రెండుసార్లు మార్చారు కదా. వాల్వు తన పని తాను చేస్తోంది. మూడు బార్లు దాటితే తెరుచుకోవాలి, తెరుచుకుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం, కాగితం అక్కర్లేదు. నేలలో పైపు ఎంత? పదహారు మిల్లీమీటర్ల పైపు, లోపలి రంధ్రం పన్నెండు. పదిహేను సెంటీమీటర్ల ఎడంతో వేస్తే వంద చదరపు మీటర్లకి సుమారు 670 మీటర్లు. అబ్బో, అర కిలోమీటరు పైనే! ఎంత నీరు పడుతుందో అనుకుంటాం. డెబ్బై అయిదు లీటర్లు. నేలకి పంపే నీరు నలభై అయిదు డిగ్రీలు దాటదు, అంతకంటే వేడిగా పంపితే పాదాలకి బాధ, నేలకీ బాధ. పది నుంచి నలభై అయిదుకి నీరు ఒక శాతం కూడా పూర్తిగా పెరగదు. అంటే డెబ్బై అయిదు లీటర్లకి ముప్పావు లీటరు లోపే. ఒక చెంబెడు. అందరూ అనుమానించిన నేల ఇచ్చేది చెంబెడు నీళ్లు!

మరి ట్యాంకు? మూడు వందల లీటర్లు. చలికాలంలో దాన్ని నలభై అయిదు దగ్గరే ఉంచుతారు, నేలకి అంతే చాలు. అప్పుడు పెరిగేది మూడు లీటర్ల లోపు. మేలో సూర్యుడికి థర్మోస్టాట్ లేదు. ఎనభై అయిదుకి పోయింది. పది నుంచి ఎనభై అయిదుకి మూడు శాతం పైచిలుకు. తొమ్మిదిన్నర లీటర్లు పెరిగింది. ఆ ఇంట్లో ఉన్న ఎర్ర డబ్బా ఎంతది? బాయిలర్ లోపల కంపెనీవాళ్లు ఇచ్చినదే, ఎనిమిది లీటర్లది. ఎనిమిది లీటర్ల డబ్బాలో ఎనిమిది లీటర్లు పడతాయా? గాలి కూడా ఉండాలి కదా. గేజి ఒకటి చూపిస్తే అసలు పీడనం రెండు, బయటి వాతావరణానిది ఒకటి కలపాలి. మూడు చూపిస్తే నాలుగు. రెండు నుంచి నాలుగు అంటే గాలి సరిగ్గా సగానికి నలుగుతుంది. సగం చోటే నీటికి. నాలుగు లీటర్లు.

అర్థమైందా? చలికాలం లెక్క మూడున్నర, చోటు నాలుగు, సరిపోయింది. ఎండాకాలం లెక్క తొమ్మిదిన్నర, చోటు నాలుగే. మిగిలిన అయిదున్నర లీటర్లు చెత్త డబ్బాల వెనక్కి పోయాయి. తర్వాత మబ్బు పట్టింది, ట్యాంకు చల్లారింది, నీరు కుంగింది. వెనక్కి రావడానికి నీరేదీ? పారబోశాం కదా! ముల్లు సున్నా. మూడు వందల లీటర్ల ట్యాంకు కొత్తగా పెట్టినప్పుడు డబ్బా చాలుతుందా అని ఎవరూ అడగలేదు. నేను ముప్పై అయిదు లీటర్ల డబ్బా ఒకటి విడిగా పెట్టాను. రెండున్నర బార్ల లోపే ఉంచాలని లెక్క వేస్తే ఇరవై నాలుగు వస్తుంది, కొంచెం ఉదారంగా పెట్టాను. టైల్సు టైల్సులాగే ఉన్నాయి. ఆవిడ పులిహోర పెట్టి పంపారు.

"వారానికోసారి కాస్త నీళ్లు ఎక్కిస్తే పోలా?" అని అడిగేవారుంటారు. ఇందాక టీ దగ్గర ఒకాయన అడిగారు కూడా. పోదండీ. కొత్త నీటితో కొత్త ఆక్సిజను లోపలికి పోతుంది. ఇనుము తుప్పు పడుతుంది, ఆ తుప్పు నల్లటి బురదై పంపులో, బాయిలర్‌లో పేరుకుంటుంది. ఇందాక ఈ డబ్బా నుంచి వచ్చిన నల్లనీళ్లు చూశారుగా. మూసిన పద్ధతిలో పాత నీరే మంచి నీరు. ఈ ఒక్క చోటే పాచినీళ్లకు పరువు. నేల పైపులు ప్లాస్టిక్‌వి కదా, మామూలు ప్లాస్టిక్ గోడ గుండా కూడా ఆక్సిజను మెల్లగా చొరబడుతుంది, అందుకే ఆక్సిజనుని ఆపే పొర ఉన్న పైపే కొనాలి. చవకగా వస్తోందని తోటకి నీళ్లు పెట్టే పైపు కాంక్రీటులో పూడ్చినవారిని చూశాను. తర్వాత తవ్వడం ఉండదు, ఏడవడమే.

ఇక కప్పు మీది సంగతి. సోలార్ ప్యానెళ్లలో తిరిగేది ట్యాంకు నీరు కాదు, వేరే చుట్టు. ఈ దేశంలో చలికి గడ్డకడుతుంది కాబట్టి అందులో గ్లైకాల్ కలుపుతారు. అది నీటికంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. కానీ అసలు కథ వ్యాకోచం కాదు, ఆవిరి.

మనం జులైలో ఏం చేస్తాం? పిల్లలకి సెలవులు ఇవ్వగానే విజయవాడకో, హైదరాబాదుకో విమానం ఎక్కేస్తాం. ఇక్కడ ఇల్లు తాళం. వేడినీళ్లు వాడేవాళ్లు లేరు. ట్యాంకు నిండా వేడి, ఇక చాలని పంపు ఆగిపోతుంది. ఎండ ఆగుతుందా? పలక ప్యానెల్ అయితే లోపల నూట ఎనభై, రెండు వందల డిగ్రీల దాకా పోతుంది. గాజు గొట్టాలవైతే ఇంకా పైకి. లోపలి ద్రవం మరుగుతుంది. ప్యానెళ్లలో మూడు లీటర్ల ద్రవం ఉందనుకోండి. అదంతా బయటికి నెట్టడానికి ఎంత నీరు ఆవిరవ్వాలి? మూడు బార్ల దగ్గర, రెండు టీచెంచాలు కూడా అక్కర్లేదు! రెండు చెంచాల నీరు ఆవిరై మూడు లీటర్ల చోటు ఆక్రమిస్తుంది, ఉన్న ద్రవాన్ని కిందికి తోసేస్తుంది.

ఇది ప్రమాదమా? డబ్బా సరైనదైతే కాదు. ఆ మూడు లీటర్లూ, పైపుల్లో పెరిగినదీ ఆ సోలార్ చుట్టుకి ఉన్న ఎర్ర డబ్బాలోకి వచ్చి కూర్చుంటాయి. పైన ఆవిరి తప్ప ఏమీ లేదు, మరగడానికి ఏమీ మిగల్లేదు. సాయంత్రం చల్లారితే డబ్బాలోని గాలి దాన్ని మళ్లీ కప్పు మీదికి తోస్తుంది. కాబట్టి సోలార్ డబ్బా లెక్కలో వ్యాకోచం ఒక్కటే కాదు, ప్యానెల్ మొత్తం ద్రవం కలపాలి. కలపని ఇళ్లలో ఆరు బార్ల సేఫ్టీ వాల్వు తెరుచుకుని గ్లైకాల్ బయటపడుతుంది. అందుకే దాని పైపు కొస కింద ఒక క్యాన్ పెడతాం. ఊరి నుంచి రాగానే సూట్‌కేసులు విప్పకముందు ఆ క్యాన్ చూడండి. అందులో ద్రవం పెరిగి ఉంటే నాలాంటివాణ్ని పిలవండి. నీళ్లు కలిపి మీరే నింపకండి, గ్లైకాల్ పలచబడితే జనవరిలో గడ్డకడుతుంది. మంచు అయ్యేటప్పుడు నీరు తొమ్మిది శాతం పెరుగుతుంది. వేడికి మూడు, చలికి తొమ్మిది. ఆశ్చర్యంగా లేదూ?

డ్రెయిన్‌బ్యాక్ అని ఇంకో పద్ధతి ఉంది, పంపు ఆగితే కప్పు మీది నీరంతా ఇంట్లోని చిన్న ట్యాంకులోకి దిగిపోతుంది. మరగడమూ లేదు, గడ్డకట్టడమూ లేదు. నాకు ఇష్టమైనది అదే. కాకపోతే పైపుకి వాలు ఎక్కడా తప్పకూడదు, ఒక్కచోట పొట్ట పడినా అక్కడ నీరు నిలిచి చలికి పగులుతుంది.

మీరు ఇంటికి వెళ్లి ఏం చూడాలి? చల్లగా ఉన్నప్పుడు గేజి ఎంతుందో, బాగా వేడెక్కాక ఎంతుందో రాసుకోండి. ఒకటి నుంచి ఒకటిన్నరకి, రెండుకి పోతే మంచిదే. ఒకటి నుంచి మూడుకి ఉరికితే డబ్బాలో గాలి లేదు, లేదా డబ్బా చిన్నది. గాలి చూడటానికి టైరు గేజి చాలు, కానీ ముందు నీటివైపు పీడనం సున్నాకి దించాలి. దించకుండా కొలిస్తే మీరు చూసేది నీటి పీడనమే, "ఆహా, గాలి బాగుంది" అని మోసపోతారు. డబ్బా బాయిలర్ లోపల ఉంటే మాత్రం ఆ కవరు మీరు విప్పకండి. గ్యాసు పని చేయడానికి ఇక్కడ గ్యాస్ సేఫ్ రిజిస్టరులో ఉన్నవారికే చట్టం ఒప్పుకుంటుంది.

ప్రశ్నలేమైనా... ఆ, చెప్పండి బాబాయ్ గారూ. ఊళ్లో మీ ఇంటి సోలార్ హీటరుకా? వెంట్ పైపు నుంచి కారుతోందని మూత పెట్టించారా? ఎప్పుడు? అయితే ఫోను చేయండి. ఇప్పుడు అక్కడ రాత్రయింది, పొద్దున్నే చేసి ఆ మూత తీయించండి, పైపుని పై ట్యాంకు కంటే మూరెడు ఎత్తుకి పెంచమనండి. కారిన మరక కడుక్కోవచ్చు.

సరే, టీ చల్లారుతోంది. టైరు గేజి ఈ బల్ల మీదే ఉంది, చూడాలనుకున్నవారు రండి. ఎవరైనా ఒకరు ఈ డబ్బాని కారు దాకా మోయడానికి చెయ్యి వేయండి. లోపల గాలి ఉండాల్సిన చోట నీళ్లున్నాయి, చూసినంత తేలిక కాదు.